తీతువు ఛాయాచిత్రము: ఒక తప్పు తీర్పు



గత సంవత్సరము మన పాఠశాల వార్షికోత్సవ సందర్భమున జరిగిన ఛాయాచిత్రముల పోటీ మీలో పెక్కుమందికి జ్ఞాపకముండును. ‘నీటి పక్షులు’ అనునది ఆ పోటీకి విషయముగా నిర్ణయింపబడెను. మేడమీది పెద్దగదిలో గోడల వెంబడి చిత్రము లన్నియు వ్రేలాడదీసిరి. తల్లిదండ్రులును, పూర్వవిద్యార్థులును వచ్చి చూచిరి. అందరికంటె ఎక్కువమంది గుమిగూడినది మొదటి బహుమతి పొందిన చిత్రము నెదుట. అది తీతువు చిత్రము. ఇసుక నేలపై నిలిచి, రెండు రెక్కలును పైకి చాచి, ముక్కు తెఱచి, చూచువారి మీదికి దుముకబోవుచున్నట్లు ఆ పక్షి కనబడెను. కన్నుల ముందరి ఎఱ్ఱని తమ్మెలు సయితము స్పష్టముగా నుండెను. చూచిన వారెల్లరు ‘ఎంత జీవకళ!’ అని మెచ్చుకొనిరి.

ఆ పోటీకి తీర్పరులు ముగ్గురు. వారిలో నేనొకడను. తీర్పు కాగితముపై ‘పక్షి యొక్క భావము చక్కగా పట్టుబడినది’ అని వ్రాసినది నా చేతితోనే. ఆ తీర్పు తప్పని ఒప్పుకొనుటకును, ఆ తప్పు మరల జరుగకుండుటకు ఏమి చేయవలెనో మీతో ఆలోచించుటకును ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

వార్షికోత్సవము ముగిసిన వారమునకు, సాయంకాలపు గంట కొట్టిన తరువాత, ఆ చిత్రము తీసిన బాలుడు నాయొద్దకు వచ్చెను. చేతిలో బహుమతి గిన్నె యున్నది. దానిని బల్లమీద పెట్టి, ‘‘మాస్టారండీ, ఇది నాకు వద్దండి’’ అనెను. ‘‘ఏమి నాయనా?’’ అని అడిగితిని. ‘‘మీరు రాసిన మాట చదివినప్పటినుంచి మనసు బాగుండలేదండి. ఆ పిట్ట భావం ఏమిటో నాకు తెలుసండి’’ అని తలవంచుకొనెను. పిమ్మట జరిగిన సంగతి చెప్పెను.

వేసవి సెలవులలో ఒకనాటి మధ్యాహ్నము వాడు ప్రకాశం బ్యారేజీకి దిగువ నున్న ఇసుక తిన్నెల మీద పోవుచుండగా తీతువు ఒకటి చుట్టును తిరిగి అరవసాగెనట. గూడు దాపుననే యున్నదని గ్రహించి వాడు వెదకెను. చిన్నగుంటలో నాలుగు గ్రుడ్లు కనబడెను. వాని చేతిలోనిది సెల్ ఫోను. దానికి దూరపు చూపు తక్కువ. కావున దగ్గరకు పోవలసి వచ్చినది. మొదట పది గజములు, తరువాత ఐదు, తుదకు రెండు. పక్షి లేచిపోయి మరల వచ్చుచుండెను. వచ్చినప్పుడెల్ల గ్రుడ్లమీద కూర్చుండక, రెక్కలు చాచి వానిని ఎదిరించుచుండెను. ఆ యెదిరింపే వానికి కావలసిన చిత్రము. రమారమి ముప్పాతిక గంట అట్లు గడచెను. నడుమ కాకులు రెండు వచ్చి ఇసుకమీద వ్రాలుట వాడు చూచెను గాని, వాటి రాకకు కారణము అప్పుడు ఊహింపలేదు. మూడవనాడు మరల పోయి చూడగా గ్రుడ్లు లేవు, పక్షియు లేదు. వాని కాలిజాడలు మాత్రము గూటిదాక పోయి అచ్చట ఆగి యుండెను.

‘‘కాకి తిన్నదో, కుక్క తిన్నదో నాకు తెలియదండి. దారి చూపించింది మాత్రం నేనేనండి’’ అనెను ఆ బాలుడు.

నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని. వాడు చేసిన పనిలో తెలియనితనము కలదు. కాని ఆ చిత్రము నెదుట నిలువబడి తీర్పు చెప్పిన మేము పెద్దవారము. రెక్కలు చాచి నోరు తెఱచిన పక్షి ఏమి చెప్పుచున్నదో అడుగవలసిన వారము మేము. ఆ ప్రశ్న మాలో నొక్కరికిని తోచలేదు.

తీతువు మన డెల్టాలో ఎల్లరు ఎఱిగిన పక్షియే. పొడవైన పసుపుపచ్చని కాళ్లు, నల్లని కుత్తుక, తెల్లని కడుపు, గోధుమవన్నె వీపు, కొన నల్లనైన ఎఱ్ఱని ముక్కు. చెరువుగట్లయందును, కాలువయొడ్లను, కోసిన వరిచేలయందును, నదిలోని తిన్నెలపైనను ఇది నడయాడుచుండును. రాత్రియందు దీని కూత వినబడినచో అపశకునమని మన యిండ్లలో ముసలివారు చెప్పుదురు. నిజమునకు ఆ కూత పక్షి కావలి కూత. కుక్కయో, నక్కయో, మనుష్యుడో సమీపించుచున్నాడని తన జతకును పిల్లలకును అది చేయు హెచ్చరిక. అపశకునము మనకు కాదు. మనము వచ్చుట దానికి అపశకునము.

ఇది చెట్టుమీద గూడు కట్టదు. నేలమీదనే చిన్నపాటి గుంట చేసి, చుట్టును గులకరాళ్లు నాలుగు పేర్చి, సాధారణముగా నాలుగు గ్రుడ్లు పెట్టును. మట్టిరంగుపై నల్లని మచ్చలు గల ఆ గ్రుడ్లు అడుగు దూరమున నున్నను కంటికి ఆనవు. ఆ మఱుగే వాటికి కోట. గ్రుడ్లు పిల్లలగుటకు రమారమి నాలుగు వారములు పట్టును. ఆ కాలము మనకు మార్చి మొదలు వేసవి నడుమ పడుచున్నది. చలిదేశములలో తల్లిపక్షి గ్రుడ్లను వెచ్చబెట్టుటకు పొదుగునని మనము పుస్తకములలో చదువుదుము. విజయవాడ వేసవిలో ఎండ నలువది డిగ్రీలు దాటును. ఇసుక అంతకంటె కాలును. అట్టిచోట తీతువు మధ్యాహ్నవేళ గ్రుడ్లపై నిలుచుట వాటిని చల్లబఱచుటకు. తల్లియు తండ్రియు వంతులవారీగా నీటికి పోయి, కడుపు ఈకలు తడుపుకొని వచ్చి, ఆ తడిని గ్రుడ్లకు అంటించును. ఈ విషయమును పక్షిశాస్త్రజ్ఞులు కన్నులార చూచి వ్రాసి యుంచిరి. ఇట్టి కాపుదలలో ముప్పాతిక గంట ఎడబాటు కలిగినచో గ్రుడ్డులోని ప్రాణి ఏమగునో మీరే ఊహింపుడు. కాకి రాకపోయినను ఎండ యున్నది గదా!

ఆవులో గేదెలో గూటిమీదికి నడచివచ్చినప్పుడు తీతువు పారిపోదు. ఎదురుగా నిలిచి, రెక్కలు పూర్తిగా చాచి, అరచి, ఆ పశువును ప్రక్కకు మఱల్చును. తన శరీరమునకు వేయిరెట్లు బరువు గల జంతువు నెదుట అది చేయగల తుది ప్రయత్నము అదియే. మా కంటికి ‘జీవకళ’గా కనబడినది ఆ తుది ప్రయత్నము. మేము బహుమతి ఇచ్చినది భయమునకు.

ఈ పక్షి కూత ఇంగ్లీషువారి చెవికి ‘డిడ్ హి డూ ఇట్’ అన్నట్లు వినబడునట. ‘ఈ పని వాడు చేసెనా?’ అని దాని అర్థము. ఆ సాయంకాలము మొదలు ఆ ప్రశ్న వినబడినప్పుడెల్ల, వాడొక్కడే కాదు, మేమును చేసితిమని నాకు తోచుచున్నది.

ఇచ్చట ఒక చరిత్ర చెప్పవలసియున్నది. 1895 లో ఇంగ్లండునందు రెజినాల్డ్ లాడ్జ్ అనునతడు తీసిన ఛాయాచిత్రమునకు రాయల్ ఫోటోగ్రాఫిక్ సొసైటీవారు పతకము నిచ్చిరి. ప్రకృతి ఛాయాచిత్రమునకు ఆ సంఘమువారు ఇచ్చిన మొట్టమొదటి పతకము అది. ఆ చిత్రములోని పక్షి ఏది? తీతువే! మన ఎఱ్ఱతమ్మెల తీతువు కాదు. దాని జ్ఞాతి, తలపై సిగ గల ఆ దేశపు తీతువు. ఆ చిత్రములో అది తన గ్రుడ్లను పొదుగుచున్నది. నూటముప్పది సంవత్సరముల క్రిందట పతకము పొందిన తీతువు గ్రుడ్లమీద కూర్చున్నది. మనయొద్ద బహుమతి పొందిన తీతువు గ్రుడ్లనుండి లేవగొట్టబడినది. ఈ రెంటికి నడుమ కెమెరాలు ఎంత పెరిగినవో మీకు తెలియును. పెరుగవలసిన మరియొకటి పెరుగలేదని నా విచారము.

ఆ కాలపువారి పనిముట్లు మొరటువి. బరువైన పెట్టెలు, గాజుపలకలు. దూరమునుండి చిత్రము తీయుట మిక్కిలి కష్టము. ఐనను వారు పక్షిని భయపెట్టకుండుటకు పడిన పాట్లు వింతగొలుపును. రిచర్డ్, చెర్రీ అను కియర్టన్ సోదరులు 1895 లో బ్రిటిషు పక్షుల గూళ్లను గూర్చి గ్రంథము ప్రకటించిరి. అందలి బొమ్మలన్నియు పక్షుల తావులకే పోయి తీసిన ఛాయాచిత్రములు. పొలములలో పశువులకు పక్షులు బెదరవని కనిపెట్టి, వారు 1900 ప్రాంతమున ఎద్దుతోలుతో బోలు ఎద్దు నొకదానిని చేయించి, దాని కడుపులో కెమెరాతో దాగి గంటలకొలది నిలిచి చిత్రములు తీసిరి. మన దేశమున రైల్వే ఉద్యోగియైన లోథర్ అనునతడు మఱుగులలో కూర్చుండి తీసిన పక్షిచిత్రములతో 1949 లో ఒక గ్రంథము వెలువరించెను. ఈ మఱుగు అనగా నేమి? ‘నేను ఇచ్చట లేను’ అని పక్షి నమ్మునట్లు చేయుట. ఈ కళ పుట్టుకయందే ఈ ధర్మము కలదు. చిత్రకారుడు లేనట్లుండిననే పక్షి తానుగా నుండును.

నేడు నాలుగువందలు, ఆరువందల మిల్లీమీటర్ల కటకములు వచ్చినవి. ఏటి ఆవలియొడ్డున నున్న పక్షి కన్నుకూడ వాటిలో కనబడును. సెకనులో వెయ్యవ వంతు కాలములో రెక్క కదలికను నిలిపివేయవచ్చును. కాని యివి వెలగల వస్తువులు. మన విద్యార్థులలో ఎక్కువమంది చేతనున్నది సెల్ ఫోను మాత్రమే. కటకము చేయని పనిని కాళ్లచేత చేయింపవలెనను ఆశ అచ్చట పుట్టుచున్నది. ధనికుడైన చిత్రకారుడు తప్పు చేయడని నా యభిప్రాయము కాదు. గొప్ప కటకము చేతనుంచుకొనియు పక్షులు ఒక్కసారిగా లేచిన దృశ్యము కొరకు కొంగలగుంపుపై రాళ్లు రువ్వువారున్నారు. గూళ్లపైకి డ్రోనులను పంపువారున్నారు. సాధనము ఏదైనను ఆశ ఒక్కటే.

చట్టము దీనిని ఏమని పిలుచుచున్నదో తెలిసికొనుట మంచిది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ‘వేట’ అను మాటకు అర్థము చెప్పుచు, అడవిపక్షుల గ్రుడ్లను పాడుచేయుటను మాత్రమే గాక, ఆ గ్రుడ్లను, గూళ్లను కలతపెట్టుటను కూడ అందులో చేర్చినది. తుపాకి పట్టినవాడును, వల పన్నినవాడును, గూటిని కలతపెట్టినవాడును ఒక్క మాటక్రిందికే వచ్చుచున్నారు. అభయారణ్యములలో ఛాయాచిత్రములు తీయుటకు అనుమతి పొందవలెనని కూడ ఆ చట్టమే విధించినది. బాలురను చట్టముతో బెదరించుట నా యుద్దేశము కాదు. చట్టమును వ్రాసినవారు మాటను ఎంత జాగ్రత్తగా ఎన్నుకొనిరో చూపుటకే చెప్పితిని. వేటకాని చూపునకు పక్షి గుఱి. అంతకుమించి మఱేమియు కాదు. కెమెరా పట్టినవాని చూపు కూడ అట్లే అయినప్పుడు ఇద్దరికిని భేదమేమి?

ఇక, సరియైన దూరము ఎట్టిదో చూడదలచినవారు కొల్లేటికి పోవలెను. అది మనకు పరాయి తావు కాదు. మన యూరి ప్రక్కనుండి పాఱు బుడమేరు పోయి కలియునది కొల్లేటిలోనే. 2024 సెప్టెంబరులో ఆ బుడమేరు పొంగి విజయవాడ వీథులను ముంచినప్పుడు, నీటికి దాని తావు దానికి వదలకపోయినచో ఏమగునో మనము చూచితిమి. కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ పల్లములో నిలిచిన ఆ మంచినీటి సరస్సు 1999 లో పక్షుల అభయారణ్యముగా ప్రకటింపబడినది. 2002 లో రామ్‌సర్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలగా గుర్తింపబడినది. చేపల చెరువుల గట్లచేత అది కుంచించుకొని పోయెను. 2006 లో ప్రభుత్వమువారు ఆ గట్లను పెక్కింటిని పగులగొట్టించిరి. ఇంత కలతలోను పక్షులు ఆ నీటిని విడిచిపెట్టలేదు.

కైకలూరు చెంతనున్న ఆటపాక వద్ద గూడబాతులును, ఎఱ్ఱకాళ్ల కొంగలును శీతకాలమున గుంపులుగా గూళ్లు కట్టును. గూడ యనగా కాలువనుండి చేనికి నీరు తోడు బుట్ట. ముక్కు క్రింద పెద్ద సంచి గల ఈ పక్షికి ఆ పేరు పెట్టిన మన రైతు చూపు ఎంత సూక్ష్మమైనదో గమనింపుడు! నీటితో చేపలను తోడి, నీటిని వదలి, చేపను మ్రింగుట దాని పని. అచ్చట చెట్లు చాలకపోగా అటవీశాఖవారు నీటిలో ఇనుప మంచెలు నిలిపిరి. పక్షులు వాటిమీదనే కాపురము పెట్టినవి. చూడవచ్చినవారిని పడవలలో త్రిప్పుదురు. పడవ తన వాడుక దారిని, వాడుక వేగముతో పోవునంతవరకు పక్షులు తలయెత్తియు చూడవు. పడవ దారి తప్పి మంచెవైపు మొగ్గినచో ఒక పక్షి మెడ సాచును. పిమ్మట నాలుగు మెడలు లేచును. పిమ్మట రెక్కలు లేచును. ఆ మొదటి మెడ లేచిన చోటనే ఆగవలెను. పక్షి దూరమును గజములతో కొలువదు. తన నిబ్బరముతో కొలుచును. ఆ కొలత తెలిసికొనుటయే ఈ విద్యలో మొదటి పాఠము.

గూడబాతు పిల్లలు గ్రుడ్డునుండి వెలువడునప్పుడు ఈకలు లేని ఒట్టి తోలుముద్దలు. తల్లి రెక్కనీడ లేనిచో ఎండకు తాళజాలవు. కొంచెము పెరిగిన పిల్లలు బెదరి కదలినచో మంచెనుండి జారిపడును. క్రిందపడిన పిల్లను ఎత్తి గూటిలో పెట్టుటకు తల్లికి చేతులు లేవు. తీతువునకు ఇసుకలో నెట్టి ఆపదయో, గూడబాతునకు మంచెపై నట్టి ఆపదయే.

ఈ కొల్లేటి ప్రాంతముననే 1946 లో కె. కె. నీలకంఠన్ అను పక్షిశాస్త్రజ్ఞుడు గూడబాతుల గూళ్ల తావు నొకదానిని కనుగొని లోకమునకు తెలిపెను. ఆయన వృత్తిచేత ఇంగ్లీషు ఉపాధ్యాయుడు. ఆయన పేరు నేడు నిలిచియుండుట ఓపికతో చూచి, చూచినదానిని సరిగా వ్రాసినందున. చూచుట మొదటిది, చిత్రము తీయుట దాని తరువాతిది. మనము ఈ వరుసను తలక్రిందులు చేయుచున్నాము. చూడకయే చిత్రము తీసి, ఇంటికి పోయి, చిత్రములో చూచుచున్నాము.

నా మాటలకు ఆక్షేపణలు లేకపోలేదు. ఉపాధ్యాయుల గదిలో ఈ సంగతి చెప్పినప్పుడు ఒక మిత్రుడు ఇట్లనెను: ‘‘చిత్రములు చూచియే గదా జనులకు పక్షులమీద ప్రేమ కలుగును? మీ నియమములన్నియు పెట్టినచో బాలురు పక్షులను మాని మఱేదో ఆటకు పోవుదురు.’’ ఈ మాటలో నిజము లేదనలేను. చక్కని చిత్రము చూచి పక్షిపై మనసు పెట్టిన బాలురను నేనెఱుగుదును. కాని చిత్రమువలన పుట్టిన ప్రేమ ఎవరికొరకు? ఆ పక్షి కొరకే యైనచో, దాని గూటిని బలియిచ్చి ఆ ప్రేమను కొనుట ఎట్టి బేరము? గుంటూరు చెంతనున్న ఉప్పలపాడు గ్రామమున చెరువులో గూళ్లు కట్టు గూడబాతులను, కొంగలను గ్రామస్థులు తమ యింటివానివలె కాచుకొనుచున్నారు. కెమెరాలవారు ఆ యూరికి వచ్చునది ఆ కాపుదల వలన నిలిచిన పక్షులను చూచుటకు.

రెండవ ఆక్షేపణ: ‘‘జాలరులు దినమెల్ల ఆ నీటిలోనే తిరుగుదురు గదా, మేము ఒక్కసారి పోయిన తప్పేమి?’’ జాలరి తన పనిమీద తాను పోవును. పక్షివైపు చూడడు, ఆగడు, పొంచడు. దినదినము చూచిన ఆ రాకపోకలకు పక్షి అలవాటుపడును. తనవైపే చూచుచు, ఆగి ఆగి సమీపించువానిని మాత్రము అది నక్కవలెనే యెంచును. మఱి ‘ఒక్కసారి’ అను మాట సంగతి. మన తరగతిలో నలువదిమంది ఉన్నారు. ఒక్కొక్కడు ఒక్కసారి పోయినచో తీతువునకు నలువదిసార్లు. చిత్రమును నలుగురికి పంపి, తావు పేరు కూడ తెలిపినచో లెక్కయే లేదు.

మూడవ ఆక్షేపణ నా మనస్సులోనిదే. దూరమునుండి తీసిన చిత్రములో పక్షి చిన్నదిగా నుండును, చూచువారు మెచ్చరు. నిజమే. మెచ్చుట మాకు తెలియలేదు గనుక మెచ్చలేదు. మా పోటీలోనే ఒక బాలిక తీసిన చిత్రము ఉండెను. ఉదయపు మంచులో కాలువ, కాలువ గట్టున వంగిన తుమ్మ, నీటియంచున చుక్కవలె ఒక కొంగ. ‘పక్షి స్పష్టముగా లేదు’ అని దానిని ప్రక్కకు పెట్టితిమి. ఇప్పుడు తలచుకొనగా ఆ చిత్రమున కొంగతోపాటు అది బ్రదుకు నీరును, నీడయు, దాని యేకాంతమును ఉండెనని తోచుచున్నది. మొదటి బహుమతి చిత్రములో పక్షి తప్ప మఱేమియు లేదు. అది నిలిచిన నది కూడ లేదు. సెల్ ఫోను చేతనున్నవారికి నేను చెప్పునది ఇదియే: పక్షిని దాని లోకముతో చిత్రింపుడు. మీ సాధనమునకు తగిన చిత్రము అది.

ఇంకను కొన్ని మాటలు అనుభవము మీద చెప్పుచున్నాను. సూర్యోదయమునకు ముందే పోయి కూర్చుండుడు. పక్షి తరువాత రావలెను గాని మీరు పక్షి తరువాత పోరాదు. మట్టిరంగు బట్టలు కట్టుడు. నిలువక, నేలకు దగ్గరగా కూర్చుండుడు. నిలిచిన మనిషికంటె కూర్చున్న మనిషికి పక్షి తక్కువ భయపడును. నీటిమట్టమునుండి తీసిన చిత్రము అందముగా కూడ నుండును. తెల్లని కొంగను తీయునప్పుడు ఎండ లేతగా నున్నవేళ తీయుడు. నడుమింటి ఎండలో తెలుపు మాడిపోయి ఈకల గీతలు కనబడవు. దుర్భిణి యున్నచో దాని కంటిగాజుకు ఫోను ఆనించి తీయవచ్చును; కాళ్లు చేయు పనిని గాజు చేయును. గూడుగాని, గ్రుడ్లుగాని కంటబడినచో, వచ్చిన అడుగులలోనే వెనుకకు మఱలుడు. ఆ తావు ఎవరికిని చెప్పకుడు. తీతువు మీ తలపై తిరిగి అరచుచున్నదన్న, మీరు ఉండరాని చోట ఉన్నారని అర్థము. దాని మాట వినుడు.

మన పోటీ నియమములు కూడ మారవలెను. ప్రధానోపాధ్యాయులవారికిని, ఉత్సవసంఘమువారికిని నా మనవి ఇది. ఒకటి: గూళ్లు, గ్రుడ్లు, ఎగురలేని పిల్లలు గల చిత్రములను ఈ సంవత్సరము మొదలు పోటీకి స్వీకరింపరాదు. గూటికడ చిత్రము తీయుట ఎల్లప్పుడును పాపమని నేననను; లాడ్జ్ తీసినదియు గూటికడనే. కాని అది యేండ్ల శిక్షణ పొందినవారి పని. బడిపిల్లల పందెము కాదు. రెండు: ప్రతి చిత్రముతోపాటు ఐదు పంక్తులు వ్రాసి ఇయ్యవలెను. ఎచ్చట, ఏవేళ, ఎంత దూరమునుండి తీసితిరి. మీరు పోకముందు పక్షి ఏమి చేయుచుండెను. మీరు వచ్చునప్పుడు ఏమి చేయుచుండెను. ఈ రెంటికి ఒకే జవాబు వ్రాయగలిగినవాడు నిజమైన చిత్రకారుడు. మూడు: తీర్పరులు ‘ఎంత దగ్గర’ అను దానికి మార్కులు వేయరాదు. ఈ మూడవ నియమము నన్ను ఉద్దేశించి నేనే వ్రాసికొన్నది.

ఐదు పంక్తులలో ఎవరైన అబద్ధము వ్రాయవచ్చును గదా యని అడుగుదురేమో. వ్రాయవచ్చును. ఐనను ఆ ప్రశ్నకు జవాబు వ్రాయుటకై ఒక్కసారి పక్షివైపునుండి ఆలోచింపక తప్పదు. మాకు ఆ ఒక్క ఆలోచనయే లేకపోయినది. మఱియు, ఎవరును అడుగకయే వచ్చి నిజము చెప్పిన బాలుడు మన పాఠశాలలోనే యుండగా, పిల్లల సత్యమును నేను శంకింపజాలను.

ఆ బహుమతి గిన్నె ఇప్పటికిని నా బల్లమీదనే యున్నది. తీసికొనిపొమ్మని నేను రెండుసార్లు చెప్పితిని. తప్పు తీర్పు మాది గాని నీది కాదంటిని. వాడు తీసికొనలేదు. ఈ శీతకాలమున వాడు మరియొక చిత్రము తెచ్చి చూపెను. ఉదయపు కృష్ణ, పలుచని పొగమంచు, దూరమున తిన్నెయంచున తీతువు. ఒక కాలిపై నిలిచి, తల వెనుకకు త్రిప్పి, ముక్కును వీపు ఈకలలో దాచుకొని నిదురించుచున్నది. పక్షి గోరంత కూడ లేదు. ‘‘ఎంతసేపు కూర్చున్నావు నాయనా?’’ అని అడిగితిని. ‘‘రెండు గంటలండి. నేను లేచి వచ్చేటప్పుడు కూడా అది నిద్రపోతూనే ఉందండి’’ అనెను.

ఆ చిత్రమును వాడు పోటీకి పంపునో లేదో నేనెఱుగను. పంపినచో తీర్పరులలో నేనుండను. ఈ సంవత్సరము ఆ పనినుండి తప్పుకొంటిని. ఎవరున్నను ఆ చిత్రమునెదుట ఒక్క నిమిషము ఎక్కువ నిలువవలెనని మాత్రము కోరుచున్నాను.